పిడికిట్లో నాణెం: బాక్సర్ ఎలిజబెత్ విల్కిన్సన్ కథ

1722లో లండన్ పత్రికలో ఒక ప్రకటన అచ్చయింది. ఇచ్చింది క్లెర్కెన్‌వెల్ అనే పేటలో ఉండే ఎలిజబెత్ విల్కిన్సన్. న్యూగేట్ మార్కెట్‌కి చెందిన హన్నా హైఫీల్డ్‌తో తనకు మాటా మాటా పెరిగిందనీ, ఆ లెక్క ఇప్పుడు తేల్చుకోవాలనీ, అందుకని హన్నా నలుగురి ముందూ స్టేజీ ఎక్కి తనతో బాక్సింగ్ చెయ్యాలనీ అందులో ఉంది. పందెం మూడు గినీలు. దాంతోపాటు ఒక షరతు. ఇద్దరూ ఒక్కో చేతిలో ఒక్కో అరక్రౌన్ నాణెం పట్టుకుని కొట్టుకోవాలి. ఎవరి నాణెం ముందు కింద పడితే వాళ్ళు ఓడినట్టు.

హన్నా జవాబు కూడా అచ్చయింది. ఎలిజబెత్ పట్టుదల గురించి విన్నాననీ, దేవుడి దయ ఉంటే తప్పకుండా వస్తాననీ, మాటలకన్నా దెబ్బలే ఎక్కువ ఇస్తాననీ, అవతలి మనిషి తనమీద జాలి చూపించక్కర్లేదనీ ఆవిడ అంది. మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు తొడ కొట్టే సీన్ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. కాకపోతే ఇక్కడ తొడ కొట్టింది ఇద్దరు ఆడవాళ్ళు. అదీ మూడు వందల ఏళ్ళ కిందట.

ఆడవాళ్ళ బాక్సింగ్ గురించి మనకు దొరికే మొదటి ఆధారాల్లో ఇదొకటి. ఎలిజబెత్ విల్కిన్సన్‌ని ఇప్పుడు బాక్సింగ్ చరిత్రకారులు మొట్టమొదటి మహిళా ఛాంపియన్‌గా లెక్కేస్తారు. ఆమె బాక్సింగ్ కెరీర్ మొత్తం 1722 నుంచి 1728 దాకా, ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో కూడా పిడికిళ్ళతో కొట్లాడిన పోటీలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆమె కథలో నన్ను పట్టేసింది గెలుపోటములు కాదు, ఆమె ప్రకటనలు. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పోయింది అనేవాటికి నమ్మదగిన రికార్డు లేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో చూపించే బొమ్మ లేదు. మిగిలినవల్లా పేపర్లలో అచ్చయిన నాలుగైదు సవాళ్ళూ, జవాబులూ. సర్వర్ పోయాక లాగ్ ఫైల్‌లో మిగిలిన నాలుగు లైన్ల లాంటివి. వాటిని పట్టుకునే ఈ కథ చెప్తున్నాను.

ముందు ఆ కాలం లండన్ గురించి కొంచెం చెప్పాలి. క్లెర్కెన్‌వెల్‌లో హాక్లీ ఇన్ ద హోల్ అనే చోట ఒక బేర్ గార్డెన్ ఉండేది. పేరులో గార్డెన్ ఉందని పూలతోట అనుకోకండి. ఎలుగుబంట్లను, ఎద్దులను కట్టేసి వాటిమీదికి కుక్కలను ఉసిగొల్పి, జనం డబ్బులిచ్చి చూసే స్థలం అది. అక్కడే మనుషులు కూడా కత్తులతో, కర్రలతో, ఉత్త చేతులతో కొట్లాడేవాళ్ళు. 1722 జూన్‌లో లండన్ జర్నల్ అనే పత్రిక ఒక చిన్న వార్త వేసింది. బేర్ గార్డెన్‌లో మగవాళ్ళ బాక్సింగ్ ఈమధ్య బాగా పెరిగిందనీ, ఆడవాళ్ళు దిగడం మాత్రం పోయిన వారం దాకా ఎప్పుడూ వినలేదనీ, హాక్లీలో ఇద్దరు ఆడవాళ్ళు చాలాసేపు ధైర్యంగా పోరాడారనీ, చూసినవాళ్ళు చాలా సంతోషపడ్డారనీ దాని సారాంశం. ఆ వార్తలో పేర్లు లేవు. అది ఎలిజబెత్, హన్నాల పోటీయే అని చాలామంది చరిత్రకారులు అంటారు.

ఇప్పుడు ఆ నాణెం షరతు దగ్గరికి వద్దాం. మొదట చదివినప్పుడు అదేదో సర్కస్ ఫీట్ అనుకుంటాం. కొంచెం ఆలోచిస్తే దాని తెలివి అర్థమవుతుంది. 1722లో బాక్సింగ్‌కి రాసిపెట్టిన రూల్స్ లేవు. గ్లవ్స్ లేవు. జుట్టు పట్టుకుని లాగడం, గోళ్ళతో రక్కడం, కంట్లో వేలు పొడవడం, ఎత్తి పడెయ్యడం అన్నీ నడిచేవి. వీటిలో పిడికిలి విప్పకుండా చేయగలిగినవి ఎన్ని? గోళ్ళతో రక్కాలంటే వేళ్ళు తెరవాలి. జుట్టు పట్టుకోవాలన్నా అంతే. వేళ్ళు తెరిస్తే నాణెం పడుతుంది, నాణెం పడితే ఆట పోతుంది. అంటే ఇది చెయ్యకు, అది చెయ్యకు అని పది రూల్స్ రాయకుండా ఒకే ఒక్క షరతుతో ఆ తప్పులన్నీ కుదరకుండా చేసేసింది. పైగా అంపైర్ తీర్పుతో పనిలేదు. వెండి నాణెం చెక్కమీద పడితే అందరికీ కనిపిస్తుంది. అరక్రౌన్ చిన్నదేం కాదు, మన పాత వెండి రూపాయి కంటే కాస్త పెద్దది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళకి ఇలాంటి డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది. తప్పు జరిగాక పట్టుకోవడం కాదు, తప్పు జరిగే దారే లేకుండా చెయ్యడం.

బాక్సింగ్‌కి మొదటిసారి రూల్స్ రాసిన మనిషిగా పుస్తకాల్లో జాక్ బ్రౌటన్ పేరు ఉంటుంది. పడిపోయిన వాడిని కొట్టకూడదు, నడుము కింద పట్టుకోకూడదు అని ఆయన రాసింది 1743లో. ఎలిజబెత్ నాణెం షరతు అంతకు 21 ఏళ్ళ ముందుది. ఆ షరతు ఆమె సొంత ఆలోచనే అని రుజువు చెయ్యలేం, కానీ అచ్చయింది మాత్రం ఆమె పేరుతోనే.

ఇక డబ్బు సంగతి. ఒక గినీ అంటే 21 షిల్లింగులు. మూడు గినీలంటే 63. ఇళ్ళల్లో పనిచేసే ఆడమనిషికి అప్పట్లో తిండీ వసతీ పోగా ఏడాదికి చేతికొచ్చేది కొద్ది పౌండ్లు మాత్రమే. పౌండుకి 20 షిల్లింగులు. కాబట్టి ఒక్క మధ్యాహ్నం దెబ్బలు తింటే కొన్ని నెలల జీతం. పందెం ఎందుకు కాశారో చెప్పడానికి ఈ లెక్క చాలు. హన్నా ఊరు పేరుగా చెప్పుకున్నది ఒక మార్కెట్. తర్వాత ఎలిజబెత్‌తో తలపడినావిడ బిల్లింగ్స్‌గేట్ మనిషి, అంటే లండన్ చేపల మార్కెట్ ఉన్న చోటు. ఇంకొకావిడ గాడిదలు తోలుకుని బతికేది. వీళ్ళెవరూ సరదాకి రింగ్‌లోకి వచ్చినవాళ్ళు కాదు. పగలంతా బరువులు మోసి, బేరాలాడి, అరిచి, అవసరమైతే చెయ్యి చేసుకుని బతికే ఆడవాళ్ళు. వాళ్ళ చేతులకు బలం ముందే ఉంది, స్టేజీ మాత్రం కొత్త.

బిల్లింగ్స్‌గేట్ ఆవిడతో ఎలిజబెత్ పోరు 29 నిమిషాలు సాగింది, పూర్తిగా గెలిచింది. ఈ సంగతి ఆమే తర్వాత ఒక ప్రకటనలో చెప్పుకుంది. ఇవాళ ప్రొఫెషనల్ మహిళల టైటిల్ ఫైట్ అంటే మామూలుగా రెండేసి నిమిషాల రౌండ్లు పది, మొత్తం 20 నిమిషాలు. అప్పట్లో ఒకరు పడితే రౌండ్ అయినట్టు, మధ్యలో ఊపిరి పీల్చుకునేవాళ్ళు, కాబట్టి రెండూ ఒకటే కాదు. అయినా గ్లవ్స్ లేకుండా, ఎముకకి ఎముక తగిలేలా 29 నిమిషాలు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆమె పేరు మారింది. పత్రికల్లో మిసెస్ స్టోక్స్ అని కనిపిస్తుంది. జేమ్స్ స్టోక్స్ కూడా ఫైటరే. ఇస్లింగ్టన్ రోడ్‌లో, శాడ్లర్స్ వెల్స్ దగ్గర, ఆయనకి సొంత ఆంఫిథియేటర్ ఉండేది. అప్పటి లండన్‌లో ఈ వ్యాపారానికి పెద్ద పేరు జేమ్స్ ఫిగ్‌ది. స్టోక్స్ దంపతులది ఆయనకి పోటీ దుకాణం అన్నమాట. ఎలిజబెత్ ఇప్పుడు కత్తీ, కర్రా కూడా పట్టింది. మగవాళ్ళ స్టేజీమీద ఏ ఆయుధాలు ఉంటే ఆమెకీ అవే.

1726లో ఐర్లండ్ నుంచి వచ్చిన మేరీ వెల్ష్ అనే ఆవిడ సవాలు విసిరింది. ఈ విద్య తెలిసిన ఆడది యూరప్‌లో తానొక్కతే అనుకున్నాననీ, ఇంగ్లండ్‌లో మిసెస్ స్టోక్స్ అని ఇంకొకరు ఉన్నారని తెలిసిందనీ, ఆవిడ సొంత ఆంఫిథియేటర్లోనే తేల్చుకుందామనీ చెప్పింది. దానికి ఎలిజబెత్ జవాబు చూస్తే ముచ్చటేస్తుంది. తాను ఆడవాళ్ళతో తలపడిన ప్రతిసారీ గెలుపుతోనూ చప్పట్లతోనూ తిరిగొచ్చానంది. ఆ లెక్కన హన్నా హైఫీల్డ్ ఓడిపోయినట్టే. తనని ఓటమి ఎరగని నగర ఛాంపియనెస్‌గా పిలుచుకుంది. ఛాంపియన్ అనే మాటకు అప్పటి స్త్రీలింగం అది. ఐర్లండ్ నుంచి మనిషి వచ్చింది కాబట్టి తన దేశం పరువు ఇప్పుడు తన చేతుల్లో ఉందని కూడా అంది. ఒక ఆడమనిషి దేశం తరఫున ఆడుతున్నానని పేపర్లో చెప్పుకున్న సందర్భం ఇంతకుముందు నాకెక్కడా తగల్లేదు.

ఆ ప్రకటన కింద బట్టల వివరాలు కూడా ఉన్నాయి. ఒంటికి అతుక్కున్నట్టుండే జాకెట్టు, మోకాలి కిందికి మాత్రమే వచ్చే పొట్టి లంగా, లోపల హాలండ్ బట్టతో కుట్టిన డ్రాయర్లు, తెల్ల మేజోళ్ళు, పలచటి బూట్లు. ఇది చదివి నాకు రెండు ఆలోచనలొచ్చాయి. ఒకటి, ఇవి కొట్లాడటానికి వీలుగా ఎంచుకున్న బట్టలు. నేలమీద జీరాడే గౌన్లతో స్టేజీమీద కదల్లేరు కదా. రెండోది, ఈ వివరం టికెట్ల కోసం కూడా. లేడీ ఫైటర్లు ఏం వేసుకుంటారో ముందే చెప్తే జనం ఎక్కువ వస్తారని ప్రకటన రాసినవాళ్ళకి తెలుసు. రెండూ నిజమే అయ్యుంటాయి.

1727 జులై 17న మేరీ వెల్ష్ మళ్ళీ వచ్చింది, ఈసారి రాబర్ట్ బార్కర్‌తో కలిసి జంటగా. స్టోక్స్ దంపతులు ఒకవైపు, వీళ్ళు ఒకవైపు. తమ దేశపు ప్రభువొకాయన తమమీద ఇరవై గినీలు పందెం కాశాడనీ, ఎవరు ఎక్కువ కత్తిగాట్లు పెడితే ఆ డబ్బూ, ఆ రోజు వసూళ్ళూ వాళ్ళవేననీ వాళ్ళ సవాలు. కొట్లాట కత్తులు, బాకులు, పొడవాటి కర్రలతో. పెద్దమనుషుల బండ్లు నేరుగా వచ్చి ఆగేలా, జనంలో నలిగిపోకుండా లోపలికి రావడానికి వేరే తలుపు పెట్టామని ప్రకటనలో రాశారు. సరిగ్గా ఆరు గంటలకు స్టేజీ ఎక్కుతారని కూడా ఉంది.

ఆ వేరే తలుపు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎలిజబెత్‌ని ధైర్యానికి గుర్తుగా పోస్టర్ మీద వెయ్యడం చాలా తేలిక. కానీ ఆ తలుపులోంచి వచ్చే ప్రభువులకు, పేద ఆడవాళ్ళ ఒంటిమీద గాట్లు ఒక సాయంత్రపు కాలక్షేపం. అదే బేర్ గార్డెన్‌లో ఎలుగుబంటిని చూసి చప్పట్లు కొట్టిన చేతులే ఇక్కడా కొట్టాయి. మరి ఆమెకి అది స్వేచ్ఛా, దోపిడీనా? నేను చాలాసేపు ఆలోచించాను. ఒక తేడా మాత్రం కనిపిస్తోంది. ఎలుగుబంటి ప్రకటన ఇవ్వదు. పందెం ఎంతో, రూల్ ఏంటో, ఎప్పుడొస్తుందో, ఎప్పుడు మానేస్తుందో అది చెప్పదు. ఎలిజబెత్ పేరుతో వచ్చిన ప్రకటనల్లో ఇవన్నీ ఉన్నాయి. చూసేవాళ్ళని ఎంచుకునే హక్కు ఆమెకి లేకపోవచ్చు. షరతులు మాట్లాడే హక్కు మాత్రం తీసుకుంది.

మానెయ్యడం గురించి కూడా ఊరికే అనలేదు. ఆ 1727 ప్రకటన చివర్లోనే, మిసెస్ స్టోక్స్ స్టేజీ ఎక్కడం ఇదే ఆఖరుసారి అని వేశారు. అంటే రిటైర్మెంట్.

మన క్రికెటర్ల రిటైర్మెంట్లు చూసినవాళ్ళకి తర్వాతేం జరిగిందో చెప్పక్కర్లేదు. 1728 అక్టోబర్ 7, సోమవారం. లెక్కపెడితే సరిగ్గా 448 రోజులు, అంటే 64 వారాలు. డైలీ పోస్ట్‌లో కొత్త ప్రకటన వచ్చింది. స్టోక్ న్యూయింగ్టన్‌లో గాడిదలు తోలే ఆన్ ఫీల్డ్ అనే ఆవిడ, యూరప్ ఛాంపియనెస్ అనిపించుకుంటున్న మిసెస్ స్టోక్స్ తనని అవమానించిందని, పది పౌండ్ల పందేనికి బాక్సింగ్‌కి రమ్మని పిలిచింది. కత్తులు కాదు, పిడికిళ్ళు. పడిన మనిషిని లేవనిచ్చి కొట్టుకునే సరైన పోటీ. గమనించండి, ఇప్పుడు బిరుదు నగరం నుంచి ఇంగ్లండ్‌కీ, అక్కడి నుంచి యూరప్‌కీ పెరిగింది. పందెం కూడా 63 షిల్లింగుల నుంచి 200 షిల్లింగులకు, మూడు రెట్లు పైనే పెరిగింది.

ఎలిజబెత్ ఒప్పుకుంది. బిల్లింగ్స్‌గేట్ మనిషిని 29 నిమిషాల్లో ఓడించాక ఆరేళ్ళుగా ఈ పద్ధతిలో కొట్లాడలేదని నిజాయితీగా చెప్పింది. అయినా పిలిచింది కాబట్టి తప్పకుండా వస్తానంది. ఆన్ ఫీల్డ్ తన గాడిదలకు ఇచ్చే దెబ్బలకన్నా తాను ఇవ్వబోయే దెబ్బలు అరిగించుకోవడం కష్టమని చివర్లో ఒక చురక వేసింది. మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా నవ్వొచ్చే జోక్ ఇది. ఆ సాయంత్రం నాలుగింటికి పోటీ మొదలని ప్రకటనలో ఉంది. ఎవరు గెలిచారన్నది ఆ పేపర్ కాగితంమీద లేదు. ఎలిజబెత్ స్టోక్స్ బాక్సర్‌గా కనిపించే చివరి చోటు అదే.

ఆ తర్వాత చరిత్ర ఏం చేసిందో చూడండి. ఆమె కాలంవాడే అయిన జేమ్స్ ఫిగ్ 1734లో చనిపోయాడు. బాక్సింగ్ పుస్తకాలు ఆయన్ని మొదటి ఛాంపియన్ అన్నాయి. బ్రౌటన్‌ని రూల్స్‌కి తండ్రి అన్నాయి. 1867లో గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్లు, పది లెక్కపెట్టడం ఉన్న క్వీన్స్‌బెరీ రూల్స్ వచ్చాయి. బాక్సింగ్ అంటే మగతనం అనే మాట గట్టిపడేకొద్దీ ఎలిజబెత్ కథ వెనక్కి జరిగింది. వింతలూ విశేషాలూ చెప్పే పుస్తకాల్లో ఒక తమాషాగా మిగిలింది. రికార్డు పోలేదు, పేపర్లు ఉన్నాయి. దాన్ని ఏ ఫోల్డర్లో పెట్టారన్నదే తేడా. క్రీడ అనే ఫోల్డర్లోంచి తీసి వినోదం అనే ఫోల్డర్లో పడేశారు.

దీని ఫలితం చాలాకాలం తర్వాత కనిపించింది. బ్రిటన్‌లో ప్రొఫెషనల్ బాక్సింగ్ లైసెన్సులు ఇచ్చే బోర్డు ఆడవాళ్ళకి లైసెన్స్ ఇవ్వలేదు. జేన్ కౌచ్ అనే బాక్సర్ కేసు వేసింది. నెలసరి వల్ల ఆడవాళ్ళు నిలకడగా ఉండరని కూడా బోర్డు వాదించింది. 1998లో జేన్ కౌచ్ గెలిచింది. అంటే ఎలిజబెత్ ప్రకటన ఇచ్చిన దేశంలోనే, 276 ఏళ్ళ తర్వాత, ఒక ఆడమనిషి బాక్సింగ్ చెయ్యొచ్చా అని వాదించాల్సొచ్చింది. ఆ బోర్డు గదిలో ఎవరైనా 1728 నాటి డైలీ పోస్ట్ తీసి చూపించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ పెట్టింది 2012లో. అదీ లండన్‌లోనే. 51 కిలోల విభాగంలో నికోలా ఆడమ్స్ స్వర్ణం గెలిచింది. ఆమె చేతిలో సెమీఫైనల్లో ఓడిన మన మేరీ కోమ్‌కి కాంస్యం వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకి, 2022లో, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. ఆమె పోస్టర్లు మన ఊళ్ళలో కూడా కట్టారు. అయినా జిమ్‌లో పంచింగ్ బ్యాగ్ దగ్గర ఒక అమ్మాయి నిలబడితే, ఫొటో తీసుకోవడానికా అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. నన్నూ అడిగారు. బాక్సింగ్ అనేది మగవాళ్ళ ఆట అనీ, అమ్మాయిలు కొత్తగా వచ్చి చేరారనీ వాళ్ళ నమ్మకం.

కొత్తగా ఏం రాలేదు. బాక్సింగ్‌కి రూల్స్ లేనప్పుడే, గ్లవ్స్ లేనప్పుడే, ఒకావిడ తన పేరూ, తన పేటా అచ్చువేయించి, పిడికిట్లో వెండి నాణెం బిగించి స్టేజీ ఎక్కింది. ఈసారి మిమ్మల్ని ఎవరైనా అడిగితే వాదించొద్దు. 1722 అని చెప్పండి, ఎలిజబెత్ విల్కిన్సన్ అని చెప్పండి. వెతుక్కుంటే వాళ్ళకే దొరుకుతుంది.